గోపయ్య సార్ చెప్పించిన లెక్క

నల్గొండలో ఆ రోజుల్లో ఎవరి పిల్లవాడైనా పి.యు.సి. తప్పితే ఇంట్లోవాళ్లు పిల్లవాణ్ణి కాదు, గోపయ్య సార్‌ను తిట్టేవారు. ఇంగ్లీషులో తప్పినా తిట్లు ఆయనకే. లెక్కల బెంగతోనే తక్కినవి కూడా పోయాయని వాళ్ల వాదన. గోపయ్య చిట్యాల దగ్గర రైతు ఇంట్లో పుట్టిన మనిషి. వానను తిట్టలేనివాడు ఎవరినో ఒకరిని తిట్టుకుంటాడని ఆయనకు చిన్నప్పుడే తెలుసు. అందుకని ఎదురు మాట్లాడేవాడు కాదు. డస్టరు చంకలో పెట్టుకుని, తల వంచుకుని కాలేజీకి నడిచేవాడు.

కాలేజీ అనగానే పెద్ద పెద్ద స్తంభాలు ఊహించుకోవద్దు. హైదరాబాదు దాకా పోయి చదువుకోలేని పిల్లల కోసం ఊరి పెద్దలు చందాలు వేసుకుని, ఒక దొర పాత ఇల్లు కిరాయికి తీసుకుని పెట్టిన కాలేజీ అది. ఒకప్పుడు గుర్రాలు కట్టిన కొట్టంలో లెక్కల క్లాసు. వాన పడితే పెంకుల సందుల్లోంచి నీళ్లు వచ్చి సరిగ్గా బోర్డు మీదే కారేవి. గోపయ్య రాసేవాడు, వాన తుడిచేది.

అసలు కష్టం వాన కాదు, భాష. గోపయ్య లెక్కలు నేర్చుకున్నది నిజాం కాలంలో, ఉర్దూలో. అప్పుడు తెలియని సంఖ్య పేరు 'లా'. పోలీస్ యాక్షన్ అయి రాజ్యం మారాక 'లా' పోయి 'ఎక్స్' వచ్చింది. పిల్లలేమో మెట్రిక్ దాకా తెలుగులో చదివి వచ్చేవారు. పరీక్ష ఇంగ్లీషులో. సార్ ఉర్దూలో ఆలోచించి, ఇంగ్లీషులో రాసి, తెలుగులో తిట్టేసరికి లెక్క ఎవరి తప్పూ లేకుండానే నడిదారిలో చచ్చిపోయేది.

"ఎక్స్ అంటే ఎంత సార్?" అని అడిగేవారు పిల్లలు.

"తెల్వదురా. తెల్వదు కాబట్టే ఎక్స్."

"తెల్వందాన్ని ఎట్ల రాస్తం సార్?"

ఏడాదికేడాది ఇదే ప్రశ్న, ఏడాదికేడాది గోపయ్య ఓడిపోవడమే. పేపర్లో ఫలితాలు పడ్డ రోజు ఆయన బజారు ముఖం చూసేవాడు కాదు. కూరగాయలకు భార్య పుష్పమ్మ వెళ్లి, కూరగాయలతో పాటు నాలుగు మాటలు కూడా మోసుకొచ్చేది.

అరవై రెండులో సైదులు వచ్చి చేరాడు. కేతేపల్లి అవతల పల్లె, గొర్లు కాసే కురుమల ఇల్లు. తండ్రి చిన్నప్పుడే పోతే తల్లి గుర్వమ్మ మంద వెంట తిరిగి కొడుకును మెట్రిక్ దాకా లాక్కొచ్చింది. ఒక కరువు ఏడు ఆమె మందను మేపుకుంటూ సాగర్ డ్యాం కట్టే చోటికి పోయింది. అక్కడ ఒక ఓవర్సీరు గొడుగు నీడలో నిలబడి, చేతిలో కాగితం చూసుకుంటూ వందల మందికి పని చెబుతున్నాడట. ఎండలో పుట్టి ఎండలో ఎండిపోయిన మనిషికి అంతకన్నా ఏం కావాలి? తన కొడుకు ఆ నీడలో నిలబడాలని అప్పుడే అనుకుంది. ఆ ఓవర్సీరు చదువుకు పోవాలంటే పి.యు.సి. లెక్కల్లో మంచి మార్కులు రావాలి. ఆమె ఆశంతా ఆ ఒక్క పరీక్ష మీదే ఉండేది.

సైదులుకు ఇంగ్లీషు ముక్క రాదు. కానీ మొదటి వారంలోనే ఎక్స్‌ను చెవి పట్టుకుని ఆడించాడు. గోపయ్య నమ్మలేక క్లాసు అయ్యాక పిలిచి అడిగాడు.

"నీకు ముందే ఎవలన్న చెప్పిన్రా?"

"లేదు సార్. మా ఇంట్ల ఉన్నదే గదా."

"ఇంట్ల ఎక్స్ ఉన్నదా?"

సైదులు నవ్వాడు. "మా గొర్లు ఎన్నో మేం నోటితోని చెప్పం సార్. ఎవలడిగినా 'ఉన్నయి, దేవుని దయ' అంటం. లెక్క నోట్లకెల్లి వస్తే మంద నిలువదని అమ్మ అంటది. ఎన్నో మాకు ఎరుకే, గని అనం. ఒకటి తప్పిపోయినా ఎరుకైతది, రెండు ఈనినా ఎరుకైతది. గా అనని లెక్కతోనే అంత నడుస్తది. ఎక్స్ గసుంటిదే గదా సార్?"

ఉర్దూలో గానీ ఇంగ్లీషులో గానీ ఎక్స్ గురించి ఇంత మంచి మాట గోపయ్య వినలేదు. మరునాటి నుంచి తెలియని సంఖ్య వచ్చినప్పుడల్లా "సైదులు గొర్లు అనుకోండ్రి" అనేవాడు. వింతగా పిల్లలకు అర్థం కావడం మొదలైంది. ఇంటికి పోయి పుష్పమ్మతో, "ఈసారి నా క్లాసుల ఒకడు ఫస్టు క్లాసుల పాసైతడు సూడు" అన్నాడు. ఆవిడ పప్పు రుద్దుతూ, "ముందుగాల కానియ్యి, తర్వాత చెప్దువు" అంది.

చలికాలంలో కాలేజీకి తనిఖీ వచ్చింది. గుర్తింపు ఉంచాలా తీసేయాలా అని చూడడానికి నగరం నుంచి ఒక పెద్దాయన దిగాడు. కొట్టాన్ని చూశాడు, పెంకుల్ని చూశాడు, చివరికి లెక్కల క్లాసులో కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు. ఇంగ్లీషులో పాఠం చెప్పాలి. గోపయ్యకు చెమటలు పట్టాయి. కంగారులో ఆయన చేయి చిన్ననాటి అలవాటు కొద్దీ బోర్డు కుడి అంచుకు పోయింది. ఉర్దూ రాత అక్కడి నుంచే కదా మొదలు. లెక్క ఎడమవైపుకు పాక్కుంటూ పోతుంటే పిల్లలు నోళ్లు తెరిచారు. పెద్దాయన కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నాడు.

గోపయ్య నాలుక కరుచుకుని బోర్డు తుడిచాడు. పెద్దాయన తెలుగులోనే, "పోనివ్వండి మాస్టారూ, వీళ్ల బతుకులోంచి ఏదైనా ఉదాహరణ చెప్పండి" అన్నాడు. మునిగేవాడికి గడ్డిపోచ దొరికినట్టయింది. "సైదులు కాడ ఉన్న గొర్లు ఎక్స్ అనుకుందాం" అని అందుకున్నాడు.

"బాగుంది" అని పెద్దాయన ముందుకు వంగాడు. "అబ్బాయ్, అసలు మీకు ఎన్ని గొర్రెలున్నాయి?"

సైదులు లేచి నిలబడ్డాడు. "ఉన్నయి సార్. దేవుని దయ."

"దయ సరేనయ్యా. ఎన్ని?"

సైదులు నేల చూపులు చూశాడు. పెద్దాయన గోపయ్య వైపు తిరిగి, "సొంత గొర్రెల్ని లెక్కపెట్టుకోలేని పిల్లవాడికి మీరు ఆల్జీబ్రా చెబుతున్నారా?" అన్నాడు. వెనక బెంచీలో ఎవరో కిసుక్కుమన్నారు. తలుపు దగ్గర నిలబడ్డ ప్రిన్సిపాల్ ముఖం నల్లబడింది. గుర్తింపు పోతే కాలేజీ పోతుంది, కాలేజీ పోతే ఇంతమంది పిల్లల పరీక్ష పోతుంది. గోపయ్యకు ఆ క్షణంలో ఇదంతా కళ్ల ముందు తిరిగింది.

"చెప్పు సైదులూ" అన్నాడు. "నేనున్న గదా. ఏం గాదు, చెప్పు."

సైదులు తలెత్తి సార్‌ను చూశాడు. ఆ చూపులో ఏముందో గోపయ్యకు అప్పుడే తెలుసు. తెలిసీ, కళ్లు తిప్పుకుని సుద్దముక్క ఎత్తిపట్టుకున్నాడు. సైదులు మెల్లగా ఒక సంఖ్య చెప్పాడు. గోపయ్య దాన్ని ఎక్స్ పక్కన పెద్ద అంకెలతో రాశాడు. ఆ అంకె నేనిక్కడ రాయను. కథ చెప్పేవాడికి కూడా కాస్త భయం ఉండాలి.

గుర్తింపు నిలిచింది. ఊరి పెద్దలు గోపయ్యకు శాలువా కప్పుదామనుకుని, ఖర్చు చూసి బంతిపూల దండతో సరిపెట్టారు.

సంక్రాంతి వెళ్లిన కొద్ది రోజులకు కేతేపల్లి వైపు గొర్లకు బొబ్బరోగం తగిలింది. పశువుల దవాఖాన మనిషి మందు తీసుకుని వచ్చేసరికి చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టయింది. గుర్వమ్మ మందలో లేవలేని గొర్లు లేవలేదు, లేచినవి మేయలేదు. సైదులు కబురందుకుని ఊరికి పోయినవాడు తిరిగి రాలేదు. పరీక్షలు దగ్గర పడుతున్నాయి. గోపయ్య రోజూ ఆ బెంచీ వైపు చూసి పాఠం మొదలుపెట్టేవాడు.

ఒకనాడు క్లాసు జరుగుతుండగా గుర్వమ్మ కొట్టం గుమ్మంలో వచ్చి నిలబడింది. భుజాన గొంగడి, కాళ్ల నిండా దుమ్ము. పిల్లల్ని బయటికి పంపి గోపయ్య కుర్చీ చూపించాడు. ఆమె కూర్చోలేదు.

"నువ్వు లెక్కలు తెల్సినోనివి గదా సారూ. నాకొక లెక్క చెప్పు. వాడు నోరు తెర్వక ముందు మంద మంచిగున్నది. తెర్సినంక పోయింది. గిది ఎట్ల?"

"అమ్మా, రోగం చుట్టుపక్క అన్ని ఊర్లల్ల వచ్చింది. మీ ఒక్కల మందకే కాదు గదా."

"వాళ్లు సుత ఎవలకు చెప్పుకున్నరో" అంది గుర్వమ్మ.

ఆమె మాట తప్పని గోపయ్యకు తెలుసు. తప్పని ఎలా చూపించాలో తెలియలేదు. ఆమె కోపంగా అని ఉంటే బాగుండేది. కోపం లేదు, ఏడుపు కూడా అయిపోయినట్టుంది.

"గొర్రె కసాయోన్నే నమ్ముతదంటరు. నా కొడుకు నిన్ను నమ్మిండు, నేను కాదంటలేను. గా అంకె ఏడ రాసినవు?"

గోపయ్య బోర్డు చూపించాడు.

"తుడిపెయ్యి."

ఆ అంకె ఎప్పుడో పోయింది. దాని మీద ఎన్నో పాఠాలు రాసి తుడిచారు. వాన కూడా ఒకసారి కడిగింది. అదే చెప్పబోయి గోపయ్య ఆగిపోయాడు. తడిగుడ్డ తెచ్చి బోర్డు తుడవడం మొదలుపెట్టాడు. "మూలలు సుత సారూ" అంది ఆమె వెనక నుంచి. బి.ఎస్సీ. చదివిన గోపయ్య అంచులూ మూలలూ వదలకుండా తుడిచాడు. తుడుస్తూ ఉంటే ఆయన కళ్లు మసకబారాయి. ఆ పూట ఆ అంకె నిజంగా పోవాలని ఆయనే అందరికన్నా ఎక్కువ కోరుకున్నాడు.

"పిల్లగాన్ని పరీక్షకు పంపమ్మా" అన్నాడు చివరికి. "గొర్లను నేను తేలేను. వాని చదువు ఆగకుండ చెయ్యి. నీ కాళ్లు మొక్కుత."

ఆమె చాలాసేపు బోర్డునే చూసింది. "పంపుత" అని, గొంగడి సర్దుకుని వెళ్లిపోయింది. ఇంత సులువుగా ఒప్పుకుందేమా అని గోపయ్యకు తోచనే లేదు.

లెక్కల పరీక్ష నాడు లెక్కల సార్ హాల్లో ఉండకూడదు. కానీ ఆ పూట తెలుగు పంతులుకు జ్వరం వచ్చింది. వేరే మనిషి దొరక్క ప్రిన్సిపాల్, నోరు విప్పనని మాట తీసుకుని గోపయ్యనే నిలబెట్టాడు. సైదులు చిక్కిపోయి వచ్చి తన చోట కూర్చున్నాడు. కలం కాగితం మీద పరుగెత్తడం చూసి గోపయ్య గుండె కుదుటపడింది. అటూ ఇటూ తిరుగుతూ అతని వెనక ఆగి కాగితం మీదికి చూశాడు.

రుజువులు చివరిదాకా చేసి ఉన్నాయి. సమీకరణాలు కూడా పద్ధతిగా దిగాయి. పెద్దది చిన్నదై, చిన్నది ఇంకా చిన్నదై, ఆఖరు వరుసలో ఎక్స్ ఒక్కటే మిగిలింది. దాని పక్కన ఈజ్ ఈక్వల్ టు గుర్తు ఉంది. ఆ తర్వాత ఏమీ లేదు. కింద రెండో లెక్క అంతే. మూడోది అంతే. ఎక్స్ దాకా వచ్చి ప్రతి చోటా ఆగిపోయాడు.

గోపయ్య మాట్లాడకూడదు. ఖాళీ చోటు దగ్గర వేలు పెట్టి నిలబడ్డాడు. అది కూడా తప్పే, అయినా పెట్టాడు. సైదులు తలెత్తి చూసి, లేదన్నట్టు మెల్లగా తల ఊపి, ఆ వేలు పక్క నుంచి పేజీ తిప్పుకున్నాడు. గంట కొట్టాక గోపయ్యే ఆ కాగితాలు తీసుకున్నాడు. ఆ జవాబులన్నీ ఆయన నోట్లో ఉన్నాయి, జేబులో కలం ఉంది. మింగలేక కక్కలేక, కట్టలో పెట్టి దారం ముడివేశాడు.

బయట గోడ పక్కన సైదులును పట్టుకున్నాడు.

"ఏందిరా గిది? అంత చేసి ఆఖరు ముక్క ఎందుకు ఇడిసినవ్?"

"అమ్మ బీరప్ప దేవుని మీద ఒట్టేయించుకున్నది సార్. దాగిన లెక్కను ఇగ బయటికి తియ్యనని. గట్లయితెనే పొమ్మన్నది."

"గది కాయితం మీది లెక్కరా! గొర్ల లెక్క కాదు!"

"నేనూ గదే చెప్పిన సార్. గొర్లు పోయినయి, ఇగ నువ్వొక్కనివే మిగిలినవు కొడుకా అన్నది."

పరీక్ష దిద్దినవాళ్లు నడిచినంత దారికి మార్కులు వేసి, ఇల్లు చేరనందుకు కోసుకున్నారు. సైదులు కొద్దిలో తప్పాడు. ఆ కొద్దే ఓవర్సీరు నీడను ఎత్తుకుపోయింది. గోపయ్య ఆ తర్వాత కూడా లెక్కలు చెప్పాడు, కొందరు పాసయ్యారు కూడా. కానీ ఎక్స్‌కు ఉదాహరణ అడిగితే మామిడిపండ్లే చెప్పేవాడు.

కొన్నేళ్లకు ఒక ఎండాకాలం ఆయన నల్గొండ నుంచి సొంతూరికి పోతుంటే చిట్యాల ఇవతల బస్సు ఆగింది. రోడ్డు మీద గొర్లు అడ్డం వచ్చాయి. డ్రైవరు తిట్టుకుంటూ హారన్ కొడుతున్నాడు. మంద వెనక గొంగడి భుజాన వేసుకుని, ఎండకు కమిలిన మనిషి కర్ర పట్టుకుని నిలబడ్డాడు. గోపయ్య గుర్తుపట్టి గబగబా దిగాడు.

"మంచిగున్నవా సైదులూ? అమ్మ?"

"ఉన్నది సార్."

"మంద?"

"ఉన్నది సార్. దేవుని దయ."

ఇద్దరి మధ్య నుంచి గొర్లు వరుసగా రోడ్డు దాటుతున్నాయి. గోపయ్య పెదవులు వాటంతటవే కదలడం మొదలుపెట్టాయి. ఒకటి, రెండు, మూడు. జీవితమంతా చేసిన పని, ఆగమంటే ఆగుతుందా? ఉలిక్కిపడి నోరు మూసుకున్నాడు. అయినా కళ్లు ఆగలేదు. ఇక చేసేదేమీ లేక మందకు వీపు పెట్టి, బస్సు వైపు తిరిగి, కళ్లు గట్టిగా మూసుకుని నిలబడ్డాడు. బస్సులోవాళ్లు ఈ ముసలి సార్‌కు ఏమైందోనని చూస్తున్నారు. వెనక గిట్టల చప్పుడు మాత్రం చాలాసేపు వినిపించింది. ఎంతసేపో ఆయన లెక్కపెట్టలేదు.

చివరికి సైదులు గొంతు వినిపించింది.

"అన్ని దాటినయి సార్. ఇగ ఇటు తిరుగుండ్రి."