ఏటికి వీపు పెట్టి గీసిన ఊరు

ఒనెజీమ్ బార్బోలే ముప్పై ఏళ్లు సారా పన్ను వసూలు చేసి పింఛను పుచ్చుకున్నాక, ప్యారిస్ పెద్దమనుషులకు పట్టిన పిచ్చే ఆయనకూ పట్టింది. మైనం పూసిన రాగి రేకు చంకన పెట్టుకుని ఏటి ఒడ్డుకు పోవడం, చెట్టూ చేమా సూదితో గీకడం, ఇంటికొచ్చి ఆ రేకును ఆమ్లంలో ముంచి భార్య జెలీ చేత తిట్లు తినడం. కోరిక మాత్రం ఒక్కటే. తను గీసిన ఊరి బొమ్మ, కింద తన పేరుతో, మేయరు కచేరీ గోడకెక్కాలి.

మొదటి రేకు మీద ఊరినీ, కింద పేరునీ ఉన్నవి ఉన్నట్టే గీశాడు. రేకు మీంచి కాగితం మీద అచ్చు తీస్తే కుడి ఎడమవుతుందన్న సంగతి ఆ ఉత్సాహంలో తట్టనేలేదు.

అచ్చు చూసి జెలీ, "ఏమయ్యా, నేను బట్టలుతికే రేవు అవతలి ఒడ్డుకెళ్లిపోయిందే! నీ పేరూ వెనక్కి నడుస్తోంది" అంది.

బార్బోలే సిగ్గుతో చచ్చిపోయాడు. ఈసారి జెలీ చేతి అద్దాన్ని కొమ్మకు వేలాడదీసి, ఏటికి వీపు పెట్టి కూర్చుని, అద్దంలో చూస్తూ గీశాడు. పడవవాళ్లు, "తాతా, ఏరు ఇటుంది! దాంతో మాటల్లేవా?" అని ఏడిపించారు. ఆ వేసవంతా జెలీ ఇత్తడి గిన్నెలో మొహం చూసుకుని తల దువ్వుకుంది. అద్దం తిరిగి చేతికొచ్చాక ఎక్కడికెళ్లినా దాన్ని సంచిలో వేసుకునే వెళ్లేది.

రెండో అచ్చు అచ్చం ఊరే. తన తెలివి ఎంత పెరిగిందో చూపిద్దామని బార్బోలే మేయరు దగ్గరికి పాతదీ పట్టుకెళ్లాడు. అదే ఆయన కొంప ముంచింది.

మేయరు పొమ్మెరెల్ రాజుగారి పక్షం. పాతదాన్ని చూసి ఉప్పొంగిపోయాడు. "చర్చీ, నా ఇల్లూ కుడివైపున! శాసనసభలో మా పక్షం కూర్చునేది కుడివైపే, ఎడమవైపు రిపబ్లిక్ వాళ్లు కూర్చునేది. ఇదే గోడకెక్కాలి."

"కానీ అది తప్పండీ. ఊరు అలా లేదు."

"అయితే ఊరిదే తప్పు, బార్బోలేగారూ."

పటం కట్టి ఆవిష్కరించిన రోజు జిల్లా అధికారి వచ్చి, పేరు దగ్గర కళ్లు చికిలించాడు. "ఈ తిరగబడ్డ అక్షరాలేమిటి? గీసింది రష్యావాడా?"

మేయరు బార్బోలే వంక ఓసారి చూశాడు. "అవునండీ. మన ఊరి అందం విని అంత దూరం నుంచి వచ్చాడు."

బార్బోలే టోపీ నలుపుకుంటూ నిలబడ్డాడు. పాపం, ఆయన బాధ చూడలేకపోయింది జెలీ. సంచిలోంచి అద్దం తీసి పటానికి ఎదురుగా పట్టింది.

"ఇందులో చదవండి, దొరగారూ."

"ఒనెజీమ్ బార్బోలే," అని పైకి చదివాడు అధికారి. తరువాత చూపు కాస్త పైకెత్తి, "మేయరుగారూ, మీ ఇల్లు ఎడమవైపేనన్నమాట" అన్నాడు.