నల్లబడని సీసా

నీళ్ళను చూసి భయపడటం నేను రాయపూర్‌లో నేర్చుకున్నాను. ఎనభైల చివరి వానల్లో, ఒక పాత బీరువా ముందు నిలబడి.

అప్పుడు నాది ఊరి నీళ్ళు పరీక్షించే చిన్న ల్యాబులో సహాయకురాలి ఉద్యోగం. రైల్వే కాలనీలో పుట్టి పెరిగినదాన్ని, తెలుగూ హిందీ రెండూ వచ్చు, నోరు కాస్త ఎక్కువ. ఇంటింటికీ తిరగడానికి ఇవి చాలనుకున్నారు కాబోలు, బయటి పనంతా నాకే అంటగట్టేవారు. పరీక్ష సులువైనదే. మందు అద్దిన కాగితం ముక్క ఉన్న సీసాలో నీళ్ళు పోసి ఒక రోజు వెచ్చగా ఉంచాలి. నీళ్ళలో మురుగు కలిసుంటే సీసా నల్లబడుతుంది. వెచ్చదనానికి మా దగ్గర యంత్రమేమీ లేదు, బీరువాలో ఒక బల్బు వెలుగుతూ ఉండేది.

ఆ ఏడు గుఢియారీ పేటలో, రైలు పట్టాల పక్క సందులో వాంతులు, విరేచనాలు మొదలయ్యాయి. ఏడేళ్ళ పిల్లవాడొకడు పోయాడు. నేను సీసాల పెట్టె పట్టుకుని వెళ్ళేసరికి వాడు పోయి పది రోజులు దాటింది. ఇళ్ళ తలుపులన్నీ తెరిచే ఉన్నాయి గానీ ఒక్క గొంతూ వినబడలేదు. కుళాయిల్లో నీళ్ళు రావడం లేదు. నీళ్ళ పైపు మురుగు కాలువలోంచి పోతోంది. దాని అతుకుల దగ్గర మురుగు కొంచెం కొంచెంగా లోపలికి పోతోంది, ఎవరో గుటకలు వేస్తున్నట్టు. నేను అడుగు వెనక్కి వేశాను.

పిల్లవాడు పోయిన ఇల్లు సందు చివర. విజయనగరం వైపు నుంచి వచ్చిన రైల్వే కుటుంబం. కొడుకు డ్యూటీలో ఉన్నాడు. ఇంట్లో అత్తగారు, కోడలు, నాలుగేళ్ళ పాప ఉన్నారు. పిల్లవాడి బడిసంచి ఇంకా మేకుకే వేలాడుతోంది.

"కుళాయి రావట్లేదు కదా, పట్టి పెట్టిన నీళ్ళు కొంచెం ఇవ్వండమ్మా" అన్నాను. కోడలు వంటింట్లో డ్రమ్ము వైపు కదిలింది. అత్తగారు ఆపింది.

"నువ్వుండు. ఆఫీసు నుంచి వచ్చిన పిల్లకి పిలాస్టిక్ డ్రమ్ములో నీళ్ళిస్తారేటి? నా మడి బిందెలోవి ఇస్తాను."

తళతళలాడే రాగిబిందె. భర్త పోయినప్పటినుంచి ఆవిడ మడి పట్టుకుందట. రాత్రి కుళాయి నీళ్ళే అందులో నింపుకుని, మర్నాడంతా తాగుతుంది. ఇంకెవరి చెయ్యీ అందులో పడకూడదు. "మా మనవడు ఓసారి గ్లాసు ముంచేసేడు. ఈపు మీద ఒకటిచ్చి, బిందంతా చింతపండెట్టి మళ్ళీ తోమేను" అంది. అని, మేకుకున్న బడిసంచి వైపు చూసింది.

కోడలు పెరట్లోకి వెళ్ళాక ఆవిడ గొంతు తగ్గించింది.

"దాని చేతిలో ఏదో ఉన్నాదమ్మా. అది నీళ్ళిచ్చినన్నాళ్ళూ ఈ పాపకీ విరేచనాలే. పిల్లడు పోయేక నేనే నా బిందెలోవి పోస్తన్నాను. చూడు, బిల్‌కుల్ ఠీక్ అయిపోనాది. శుక్రవారం బండికి దాన్ని పుట్టింటికి పంపించేస్తన్నాం. పాప ఇక్కడే ఉంటాది. మా అబ్బాయీ సరేనన్నాడు."

చదువుకున్నదాన్ని, కొట్టిపారేయాల్సింది. కానీ పాప నిజంగానే బాగుంది. పాప దాహమంది, తల్లి పెరటి గుమ్మంలోకి తిరిగొచ్చి ఉన్నా అటు చూడలేదు, నాయనమ్మ వైపే చూసింది. తల్లి రెండు చేతులూ కొంగులో దాచుకుని నిలబడింది. నేనున్నంతసేపూ ఆ చేతులు బయటికి రాలేదు.

మర్నాడు పొద్దున్న బీరువా తెరిచాను. కుళ్ళిన గుడ్ల కంపు గుప్పున కొట్టింది. ఆ సందు నుంచి తెచ్చిన పన్నెండు సీసాల్లో పదకొండు కాటుకలా నల్లగా ఉన్నాయి. పన్నెండోది తేటగా ఉంది. చీటీ చూశాను, చావు జరిగిన ఇంటిదే. బల్బు వెలుగులో ఆ ఒక్క సీసా మెరుస్తుంటే నాకు చెయ్యి పెట్టి తియ్యబుద్ధి కాలేదు.

చదవేస్తే ఉన్న మతి పోయిందంటారు, నా సంగతి అదే. ఇంటింటికీ వెళ్ళి నీళ్ళు మరిగించి తాగమని చెప్పాను. చివరి ఇంటి ముందు ఆగి, "మీ నీళ్ళు మాత్రం మంచివే" అన్నాను, శుభవార్త మోసుకొచ్చినట్టు. అత్తగారు మెల్లగా కోడలి వైపు తిరిగింది.

"విన్నావా?" అంది, అంతే.

కోడలు కొంగులోంచి చేతులు తీసి తిప్పి తిప్పి చూసుకుంది. ఆవిడా నమ్మేసిందని నాకప్పుడు అర్థమైంది. నా నోరు పడిపోను అని ఈ రోజుకీ తిట్టుకుంటాను.

ల్యాబులో మా పెద్దాయన ఛత్తీస్‌గఢ్ మనిషి, తక్కువ మాట్లాడతాడు. నేను రాసిన ఫలితాల కాగితం చూసి, "నల్ సే లియా, యా బర్తన్ సే?" అన్నాడు. కుళాయి నుంచి పట్టావా, గిన్నెలోంచా అని. రాగిబిందెలోంచి అన్నాను. ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. రాత్రంతా రాగిలో నిలిచిన నీళ్ళలో క్రిములు చాలావరకు చచ్చిపోతాయట. నువ్వు పరీక్ష చేసింది నీళ్ళని కాదు, బిందెని అన్నాడు. నాకు సిగ్గూ భయమూ ఒక్కసారే పట్టుకున్నాయి. అది బుధవారం సాయంత్రం.

గురువారం, పొద్దుటి కుళాయి వచ్చే వేళకి వెళ్ళాను. మూడు సీసాలు నింపాను. ఒకటి కుళాయివి, ఒకటి డ్రమ్ములోవి, ఒకటి బిందెలోవి. ఈసారి ల్యాబుకి తీసుకుపోలేదు. వాళ్ళ స్టవ్ పక్క గూట్లోనే, గుడ్డ చుట్టి పెట్టాను. "రేపు నేనొచ్చేదాకా ఎవరూ బండెక్కొద్దు" అన్నాను. అలా అనే అధికారం నాకు లేదు.

శుక్రవారం గుమ్మం దగ్గర రేకు పెట్టె తాళ్ళు కట్టి సిద్ధంగా ఉంది. గూట్లోంచి మూట తెచ్చి అందరి ముందూ విప్పాను. రెండు నల్లబడ్డాయి. ఒకటి తేటగా ఉంది. కుళాయి నీళ్ళలో మురుగు కలిసిందనీ, బిందెలో ఆ నీళ్ళే రాగి వల్ల బాగుపడ్డాయనీ, పిల్లలు తాగింది డ్రమ్ములోవనీ, ఎవరి చేతిలోనూ ఏమీ లేదనీ చెప్పాను. కోడలు నల్ల సీసా తీసుకుని రెండు చేతులతో పట్టుకుంది. స్టవ్ పక్కనున్నది కదా, ఇంకా వెచ్చగా ఉండుంటుంది. ఆవిడ ఏడవలేదు. పసిపిల్ల నుదురు చూసినట్టు దాన్ని ఒకసారి తడిమింది.

అత్తగారు బిందె వైపు తిరిగింది.

"అయితే ఇందులోవి ఆడికి పోసుంటే..." అంది.

"తెలీదమ్మా" అన్నాను. నీళ్ళలో ఏముందో చెప్పడమే నా ఉద్యోగం. ఆ ఉద్యోగంలో తెలిసి అబద్ధమాడింది ఆ ఒక్కసారే.

ఆవిడ లేచి, మడిచీరతోనే, బిందెని నేల మీద ఈడ్చుకుంటూ తెచ్చి కోడలి ముందు పెట్టింది. "పాపకి నువ్వే ఇయ్యి" అంది. కోడలు అటూ ఇటూ చూసి, చేతికందిన చిన్న స్టీలు గ్లాసు తీసుకుని బిందెలో ముంచింది. అది ఎవరి గ్లాసో నాకెవరూ చెప్పక్కర్లేకపోయింది. గ్లాసు మునిగిన చప్పుడుకి అత్తగారు కళ్ళు మూసుకుంది.

"ఆడికి దాహమేసే ముంచేడే" అంది.