కుడివైపు బోర్డు

మా నాన్న టాటానగర్‌లో రైలింజను డ్రైవరు. అంత ఒద్దికైన మనిషికి రోడ్డు మీద చలానా రాశారంటే ముందు నాకు నవ్వొచ్చింది. అమ్మ మామిడికాయలు కొంటానంటే బజారు మలుపులో స్కూటరు ఆపారట. అక్కడ బండ్లు ఆపకూడదని బోర్డుంది. పోలీసు పట్టుకున్నాడు.

జరిమానా కట్టేస్తే పోయేది. నాన్న ససేమిరా అన్నారు.

"ఇన్నేళ్ల సర్వీసులో ఎర్ర సిగ్నల్ దాటినోడ్ని కాను. తప్పు సేసేనని నా పేరు మీద రాత్తే ఊరుకుంటానేటి?"

ఆయన వాదనల్లా ఒకటే. బోర్డు రోడ్డుకి కుడివైపు ఉంది. రైలు డ్రైవరు తన సిగ్నల్ కోసం చూసేది ఎడమవైపు. కుడివైపుది పక్క లైను వాడిది. ఆ లెక్క రోడ్డుకి పనికొస్తుందా? కాలేజీ చదువు చదువుతున్నా నాకు జవాబు తోచలేదు. అదేదో తేలేది చూడాలని తెగ కుతూహలంగా ఉండి, సాక్షిగా వస్తున్న అమ్మకు హిందీ రాదన్న సాకుతో నేనూ కోర్టుకు బయల్దేరాను.

మేజిస్ట్రేటు పెద్దాయన. నాన్న హిందీలో చెప్పిందంతా విసుక్కోకుండా విన్నాడు. ఆయనకీ సరదా పుట్టినట్టుంది, ఇంజన్లో ఒక్కరే ఉంటారా అని అడిగాడు. ఫైర్‌మన్ కూడా ఉంటాడనీ, సిగ్నల్ కనపడగానే ఒకరు గట్టిగా చెప్పాలనీ, రెండోవారు దాన్ని తిరిగి పలకాలనీ నాన్న గర్వంగా చెప్పారు.

మరి స్కూటరు మీద వెనక ఎవరున్నారని అడిగాడు మేజిస్ట్రేటు.

నాన్న తల తిప్పి అమ్మ వైపు చూశారు. మేజిస్ట్రేటు అమ్మను ముందుకు పిలిచాడు. ఆ బోర్డు చూశావా అని నేను తెలుగులో అడిగాను. చూడలేదంటే చాలు, నాన్న మాటకు బలం వస్తుంది.

"సూసేను," అంది అమ్మ. "బండి తోల్తన్నప్పుడు నోరెత్తొద్దని ఆయనే అన్నారు మరి. స్కూటరు కొన్నకాడ్నించీ ఇదే మాట."

నేను హిందీలో చెప్పాను. కోర్టంతా నవ్వింది. నాన్న నవ్వలేదు.

జరిమానా పడింది. బయటికొచ్చాక అమ్మ బిక్కమొహం వేసుకుని స్కూటరు పక్కన నిలబడింది. నాకు ఆవిడ మీద జాలేసింది, నాన్న మీదా జాలేసింది. నాన్న కిక్కు కొట్టారు. ముగ్గురం ఎక్కాం. మొదటి మలుపు దగ్గర ఆయన తల తిప్పకుండానే, "కుడేపు ఏటుందో సెప్పు" అన్నారు.

అమ్మ పక్కకి వంగి చూసింది. "రిచ్చా వత్తంది."

"గట్టిగా."

"రిచ్చా వత్తంది!"

"రిచ్చా వత్తంది," అని నాన్న గట్టిగా తిరిగి పలికారు.