బరితెగించింది

నైజాం సర్కారు దిగిపోయింది యూనియన్ సైన్యానికి కాదు, మా నాయనమ్మ బుగ్గమ్మ నోటికి భయపడి అని ఇబ్రహీంపట్నమంతా చెప్పుకుంటూ తిరుగుతాను. ఆ నోట్లో రోజంతా ఒకటే మాట. పాలు పొంగితే బరితెగించినయ్, సొరతీగ దడి దాటితే బరితెగించింది. మా బడి పంతులు ఆ మాటకు సిగ్గు విడవడం అని అర్థం చెప్పాడు. నాయనమ్మకు మాత్రం గీత దాటిందేదైనా అంతే. కానీ ఈదమ్మను అనేటప్పుడు కొంగు నడుముకు బిగించి, పళ్లు కొరుకుతూ అంటుంది. ఈదమ్మ ఆమె ఈడుదే. రజాకార్ల కాలంలో తుపాకి పట్టి దళంలో కలిసింది. పోలీసు చర్య అయిన వారానికి కత్తిరించిన జుట్టుతో మా ఇంటికొస్తే, మా తాత నాగయ్య లేచి మంచం వాల్చి, తన చేత్తో మంచినీళ్లిచ్చాడట. నాయనమ్మకు ఆయన ఏనాడూ చెంబు అందించలేదు. ఆ పూట పొయ్యి మీద పాలు పొంగిపోయినా నాయనమ్మ ఒక్క మాట అనలేదట. ఈదమ్మ మెడనే చూస్తూ తన కొప్పు తడుముకుంటూ నిలబడిందట.

"అంత కుళ్లా, నాయనమ్మా?" అని ఏడిపించాను.

"అవ్. నేను సుత దానెంట దళంలకు పోదామని మూట కట్టిన. మీ బాపు కడుపుల పడ్డడు. లేకుంటే నేను బరితెగిస్తుంటి, నువ్వు పుట్టకపోతుంటివి."