డీ డ్రైవ్‌లో మునిగిన నలభై ఆరు రాళ్లు

తుపాను వస్తే నాలుగు బోట్లు పోతాయి, పది ఇళ్ల కప్పులు లేస్తాయి. నేను తుపాను కన్నా ఘనుణ్ణి. ఒక మధ్యాహ్నం కుర్చీలోంచి లేవకుండా, ఒక్క వేలితో, సముద్రంలోంచి నలభై ఆరు రాళ్లు మాయం చేశాను. అబద్ధం అనుకుంటే మా ఊరు జువ్వలదిన్నెలో ఎవరినైనా అడగండి. మా అక్క మొగుడు పోలయ్య బావని మాత్రం అడక్కండి. ఆయనకి బీపీ ఉంది, దానికి కారణం నేనే అని ఆయన డాక్టరుకి కూడా చెప్పాడు.

అప్పుడు నాకు ఇరవై మూడేళ్లు. డిగ్రీ రెండో ఏడాదిలో చదువు ఆగిపోయింది గానీ చదవడం ఆగలేదు. వారానికి రెండుసార్లు కావలి లైబ్రరీకి పోయి, పశువుల వైద్యం నుంచి పిడుగుల దాకా ఏది దొరికితే అది చదివేవాణ్ణి. అలా ఒకరోజు కంప్యూటర్ రిపేర్ల పుస్తకం చేతికొచ్చింది. మూడుసార్లు చదివాను. మూడోసారి పూర్తయ్యేసరికి ఊళ్లో మిగతావాళ్లంతా నాకు చదువురాని వాళ్లలా కనిపించసాగారు. ఆ రవణయ్య, అంటే అప్పటి నేను, ఇప్పుడు నాకు ఎదురుపడితే ముందు చెంప పగలగొట్టి, తర్వాత పలకరిస్తాను.

ఆ పుస్తకంలో అక్కడక్కడ నల్లగీతల పెట్టెలు ఉండేవి, వాటిపైన 'జాగ్రత్త' అని ఉండేది. వాటిని నేను చదివేవాణ్ణి కాదు. పెట్టెలు పిరికివాళ్ల కోసం పెట్టారని నా గట్టి నమ్మకం. ఈ వాక్యం కాస్త గుర్తుపెట్టుకోండి.

ఇక రాళ్ల సంగతి. సముద్రం అడుగున రాళ్లున్న చోట చేపలు చేరతాయి. అదే రాయి మీద తెలియక వల వేస్తే వల చిరిగిపోతుంది. అందుకని రాయి ఎక్కడుందో తెలిసినవాడే వేటగాడు. ఒకప్పుడు ఒడ్డున ఉన్న తాటిచెట్లని గురుతు పెట్టుకునేవాళ్లు, ఇప్పుడు జీపీఎస్ అంకెలు. మా బావ దగ్గర నలభై ఆరు రాళ్ల అంకెలున్నాయి. ముప్పై ఆయన తండ్రి నాటివి, పదహారు ఆయన సొంతంగా కనిపెట్టినవి. ఒక్కోదానికీ ఒక్కో పేరు: తాత రాయి, గుండు రాయి, ఇంజను ఆగిన చోటు, సుబ్బడు వాంతి చేసుకున్న చోటు. ఈ అంకెలు మా వైపు ఎవరూ ఎవరికీ చెప్పరు. పెళ్లాం నగలు ఎక్కడ దాచిందో చెబుతారు గానీ రాయి ఎక్కడుందో చెప్పరు.

బావకీ ఆయన అన్న శీనయ్యకీ మూడేళ్లుగా మాటల్లేవు. మాకు ఆయన పెద్దబావ, రెండిళ్ల అవతలే ఉంటాడు. బోట్లూ వలలూ పంచుకున్నప్పుడు ఏదో మాట పెరిగి, అన్నదమ్ములు ఎదురుపడితే ఒకరు ఆకాశం, ఇంకొకరు ఇసుక చూసుకుంటూ పోయేవాళ్లు.

ఒకసారి అల కొట్టి బావ జీపీఎస్ తడిసింది. భయపడి అంకెలన్నీ కాగితం మీదికి ఎక్కించాడు. కాగితం తీసుకొచ్చి, తలుపులు మూయించి, మా అక్క సుగుణ చీరల డిజైన్ల కోసం పెట్టుకున్న కంప్యూటర్లో నా చేత టైపు చేయించాడు. నేను ఊరికే టైపు చేస్తానా? గళ్లు కొట్టి, వరసకో రంగు వేసి, పెళ్లికూతురిలా ముస్తాబు చేశాను. చూసినవాళ్లంతా మెచ్చుకున్నారు. తలుపులు మూశాక చూసినవాళ్లు ఎవరని మీకు అనుమానం రావాలి. అక్కడికే వస్తున్నాను.

"ఇంకో కాపీ కూడా పెట్టుకుందాం బావా, పుస్తకంలో మూడు పెట్టుకోమన్నారు," అన్నాను.

"మూడా? మూడుంటే ముగ్గురికి తెలుస్తాది. ఒకటే ఉండాల. ఇంకోటి యాడన్నా కనపడిందో, నీ కాళ్లిరగ్గొడతా," అని బావ ఆ కాగితాన్ని పొయ్యిలో పెట్టాడు.

ఏడాది గడిచింది. వేట నిషేధం రోజులు. బోట్లన్నీ ఒడ్డున, వలలన్నీ బాగుచేతలో ఉన్నాయి. నిషేధం ఎత్తేయడానికి తొమ్మిది రోజులుంది. తడిసిన జీపీఎస్ ఈలోగా పూర్తిగా చచ్చింది. బావ కొత్తది తెచ్చి నా ముందు పెట్టాడు.

"రేపు దీంట్లోకి ఎక్కించు రవణయ్యా. మొదటి రోజే తాత రాయి కాడికి పోవాల."

కంప్యూటర్ తెరిచాను. అది ఎడ్లబండిలా కదులుతోంది. సీ డ్రైవ్ నిండిపోయి ఎర్రగీత చూపిస్తోంది. పక్కనే డీ డ్రైవ్ సగానికి పైగా ఖాళీ. నాకు ఒళ్లు మండింది. పొలంలో ఒక కయ్యలో నీళ్లు పొర్లుతుంటే పక్క కయ్య ఎండుతోంది. మధ్యలో గట్టు తీసేస్తే సరి కదా! పుస్తకం తెరిచాను. సీని పెంచాలంటే దాని పక్కనున్న స్థలం ఎవరిదీ కాకుండా ఉండాలట, అంటే డీని తొలగించాలట. ఆ వాక్యం కింద నల్లగీతల పెట్టె ఉంది. దాటేశాను.

తొలగించమన్నాను. కంప్యూటర్ ఒకసారి అడిగింది: నిజంగానా? దానికి కూడా పిరికితనం అంటుకుందనుకున్నాను. అవునన్నాను. సీని పెంచాను. ఎర్రగీత నీలంగా మారింది. "అక్కా, రా! నీ మిషను గుర్రమైంది!" అని కేకేశాను.

అక్క వచ్చి చూసింది. "బాగుంది రా. డీ యాడ?"

"సీలో కలిసిపోయింది అక్కా."

"దాంట్లో మీ బావ రాళ్లు?"

"అవీ సీలోకి వచ్చుంటాయి. గట్టు తీస్తే నీళ్లు యాడికి పోతాయి చెప్పు?"

"అయితే చూపించు."

వెతికాను. పేరు పెట్టి వెతికాను, తేదీ పెట్టి వెతికాను, మా కులదైవాన్ని తలుచుకుని వెతికాను. అక్క డిజైన్లున్నాయి, నా కవితలున్నాయి, రాళ్లు లేవు.

ఇక్కడ ఆగి ఉంటే నేను ఒట్టి తెలివితక్కువవాణ్ణి అయ్యేవాణ్ణి. ఆగలేదు. నా దగ్గర ఇంకా చదువు మిగిలి ఉంది. గట్టు తీస్తే పోయినవి గట్టు పెడితే రావా? సీని తగ్గించి, మళ్లీ డీని చేసి, ఫార్మాట్ కొట్టాను. కొత్త డీ తళతళలాడుతూ వచ్చింది, కడిగిన చట్టిలా, లోపల ఏమీ లేకుండా. అది పనిచేస్తోందో లేదో చూడాలి కదా అని పెన్ డ్రైవ్‌లో ఉన్న అక్క పెళ్లి వీడియో మొత్తం, మూడు గంటలది, దాంట్లోకి ఎక్కించాను. చక్కగా ఎక్కింది. అంత ఘోరంగా ఏ పనీ చక్కగా జరగకూడదు.

అప్పుడు కావలిలో కంప్యూటర్లు బాగుచేసే ఖాదర్ అన్నకి ఫోన్ చేశాను.

"ఏం చేసినావో వరసగా చెప్పు," అన్నాడు.

"డీ తీసేసినా అన్నా."

"సరేలే, తీసుకురావచ్చు."

"సీ పెంచినా."

"ఊఁ... చూద్దాం."

"మళ్లీ డీ చేసి ఫార్మాట్ కొట్టినా."

"అబ్బా! ఎవురు చెప్పినారు నీకు?"

"పుస్తకం. తర్వాత మా అక్క పెళ్లి వీడియో దాంట్లో..."

"ఆపు! ఆ స్విచ్చి ఆపు! నువ్వు కూడా ఆ మిషనుకి దూరంగా జరుగు. ఇంకా జరుగు!"

మర్నాడు పొద్దున్నే కంప్యూటర్‌ని కావలిలో వాళ్ల అంగట్లో దించాను. ఖాదర్ అన్న పుస్తకం అడిగి తీసుకుని, పేజీ తిప్పి, నల్లగీతల పెట్టె మీద వేలు పెట్టాడు. "పైకి చదువు."

చదివాను. తొలగించే ముందు లోపలున్నవన్నీ వేరే చోట దాచుకోవాలనీ, పొరపాటున తొలగించినా వెంటనే ఆగిపోతే చాలావరకు తిరిగి వస్తాయనీ, దాని మీద కొత్తగా ఏమీ రాయొద్దనీ ఉంది. నా మూడుసార్లు చదువు మీద నాకే ఉమ్మెయ్యాలనిపించింది.

సాయంత్రానికి ఖాదర్ అన్న ఎలాగో పాత ఫైలు బయటికి లాగాడు. తెరిస్తే మొదటి వరసలో 'తాత రాయి' అని ఉంది. నేను ఎగిరి గంతేశాను. దాని పక్కన అంకెలు ఉండాల్సిన చోటు నుంచి చివరి దాకా చతురస్రాలూ ప్రశ్నార్థకాలూ!

"దాని మీద పెళ్లి కూర్చునింది నాయనా," అన్నాడు ఖాదర్ అన్న.

ఇంటికొచ్చి చెప్పాను. బావ వల అల్లే కదురు చేతిలోంచి కింద పెట్టాడు. తర్వాత అరిచాడు. రేవులో వలలు బాగుచేసుకునేవాళ్లు తలెత్తి చూసేంత అరిచాడు.

"మా నాయన ముప్పై ఏళ్లు ఎండలో ఎండి కనుక్కున్న రాళ్లు రా! నా పదహారు! ఇప్పుడు నేను ఏం జూసుకుని వల ఎయ్యాల? నీ లైబ్రరీ మొహం జూసుకునా? బోటెక్కే కళాసులు నలుగురు నన్ను నమ్ముకుని ఉండారు. ఏం చెప్పాల వాళ్లకి?"

"సగం అన్నా తలుచుకో బావా, నేను రాసుకుంటా..."

"నువ్వు రాయొద్దు! నువ్వు ఇంకేం రాయొద్దు!"

అక్క మధ్యలోకి వచ్చింది. "మామ నాటి ముప్పై పెద్దబావ కాడ ఉంటాయి గదా. పోయి అడుగు."

"నేను ఆ గడప తొక్కను."

"నువ్వు తొక్కొద్దు. ముంచినోడే తొక్కుతాడు."

పోయాను. బావ నాతో రానంటూనే కంచె దాకా వచ్చి, అవతల నిలబడి ఆకాశం చూడసాగాడు. పెద్దబావ వసారాలో కూర్చుని ఉన్నాడు. జరిగింది చెప్పాను.

"ముప్పై ఇస్తే చాలునా?" అన్నాడు తాపీగా.

"మిగతా పదహారు మీ దగ్గర ఎట్టా ఉంటాయి పెద్దబావా, అవి చిన్నబావ సొంతం."

పెద్దబావ ఫోన్ తీసి నా ముందు పెట్టాడు. ఫొటో. గళ్లు, రంగులు, నలభై ఆరు వరసలు, సుబ్బడు వాంతి చేసుకున్న చోటుతో సహా.

కంచె విరిగిన చప్పుడైంది. "దొంగా!" అంటూ బావ లోపలికొచ్చాడు. "నా పదహారూ కొట్టేసినావా!"

"ఎవుర్రా దొంగ? ఆ మూలన చూడు," అన్నాడు పెద్దబావ.

ఫొటో మూలన గళ్లని చూపిస్తూ ఒక వేలు ఉంది. గోరు కొరికిన వేలు. బావ ఆ వేలు చూసి, నా చెయ్యి చూశాడు. నేను చెయ్యి వెనక్కి పెట్టుకున్నాను. అది ఇంకా పెద్ద తప్పయింది.

"నేను సుగుణకి రొయ్యలిచ్చిపోదామని వచ్చినా," అన్నాడు పెద్దబావ. "వీడే పిలిచి, అంకెలు చూడొద్దు పెద్దబావా, గళ్లు చూడు, ఎంత చక్కంగా కొట్టినానో, అన్నాడు. మా కోడలికి చూపిస్తా, ఫొటో తీసుకుంటా అన్నా. తీసుకో అని వెలుతురు కోసం కిటికీ కూడా తెరిచినాడు."

"వల వేసినావా నా రాళ్ల కాడ?" అన్నాడు బావ.

"వేసినా. ముప్పై నాలుగోదాని కాడ వల సర్రున చిరిగింది. నీ బామ్మర్ది అంకె తప్పు కొట్టినాడు!"

"ముప్పై నాలుగా? ఏదీ, ఇటు తే..." బావ ఫోన్ లాక్కుని, వసారా గట్టు మీద అన్న పక్కనే కూర్చున్నాడు. "ఇది గుండు రాయికి ఇంకా తూర్పున ఉండాల!"

"నేనూ అదే అనుకునింది. ఇరవై రెండు కూడా తేడాగా ఉండాది, చూడు."

"ఒరే, ఇరవై రెండు కూడానా?"

మూడేళ్లుగా ముఖం చూసుకోని అన్నదమ్ములు నలభై ఆరు రాళ్లూ ఒక్కొక్కటిగా సరిచూసుకున్నారు. తప్పు దొరికినప్పుడల్లా ఇద్దరూ ఒకేసారి తలెత్తి నన్ను తిట్టారు. మొత్తం అయిదు తప్పులు. అక్క రెండు గ్లాసుల టీ తెచ్చింది. వాళ్లని కలిపింది ఎవరు అని ఒక్కరైనా అన్నారా? నాకు టీ కూడా ఇవ్వలేదు. ఆ కోపం నాకు ఇంకా ఉంది.

అయినా తూర్పు సముద్రం మీదా, దాని అడుగునున్న నలభై ఆరు రాళ్ల మీదా ఒట్టేసి చెబుతున్నాను. ఇక ముందు నల్లగీతల పెట్టె ఎక్కడ కనిపించినా, బిస్కెట్ల ప్యాకెట్టు మీదైనా సరే, నిలబడి రెండుసార్లు చదువుతాను. నా గళ్లు చూడమని ఎవరినీ పిలవను. మా అక్క కంప్యూటర్లో సీ డ్రైవ్ మళ్లీ నిండి ఎర్రగీత చూపిస్తోంది. చూపించుకోనీ.