మడచెట్ల కోసం ఎదురు రానన్నాను

తిరువూరులో మా అత్తవారింట్లో ఎవరు పని మీద బయల్దేరినా నేను ఎదురు రావాలి. నిండు చెంబుతో వీధిలోంచి గుమ్మం వైపు నాలుగడుగులు వేస్తే పని కలిసొస్తుందని మా మామగారి నమ్మకం. అత్తగారు నా పెళ్ళికి ముందే పోయారు, ఇంట్లో ముత్తయిదువను నేనొక్కదాన్నే. నేను కాపురానికొచ్చిన ఏడాదే ఆయన ఇటుకబట్టీ పెట్టారు, అది బాగా సాగింది. అంతా నా కాలి చలవే అనేవారు. నాకూ గర్వంగానే ఉండేది, అబద్ధమెందుకు. బయల్దేరేవాళ్ళని ఎక్కడికని అడగకూడదు గనక ఏనాడూ అడగలేదు. చెంబు పట్టుకుని ఎదురు రావడమే.

మా పుట్టిల్లు సముద్రం పక్క ఊళ్ళో. మా చేలకీ సముద్రానికీ మధ్య మడ అడవి ఉండేది. ఉప్పునీళ్ళలో బతికే చెట్లవి. నన్ను పంపేటప్పుడు మా నాన్న అరణంగా ఒక గేదెనిచ్చాడు. మడాకు మేసి పెరిగిన గేదె, మెట్ట గడ్డి మొదట్లో ముట్టేది కాదు. కుడితిలో గుప్పెడు ఉప్పు వేస్తేనే తాగేది. మామగారు పొద్దున్నే తాగే మజ్జిగ దాని పాలతో చేసిందే.

యాభైల్లో ఒక ఎండాకాలం, ఆయన బెజవాడ బస్సుకి తయారై, ఉత్సాహం ఆపుకోలేక తనే చెప్పేశారు.

"మీ ఊరి మడ కొట్టడానికి వేలంపాట పెడుతున్నారటమ్మా. అది మనకి దక్కితే బట్టీకి కట్టెల బాధ తీరుతుంది. చెంబు తీసుకుని రా."

చెంబు అరుగు మీద పెట్టేశాను.

"నేను రానండి."

"ఏంటి, పిచ్చిగానీ పట్టిందా?" అని కసిరాడు మా ఆయన.

"మన మామిడితోట కొట్టి బట్టీలో వేయండి, అప్పుడొస్తా" అన్నాను.

"కాసే చెట్టుని ఎవరైనా కొడతారా?" అన్నారు మామగారు.

"అవీ కాసేవేనండి. వాటి కాపు నీళ్ళలో ఉంటుంది. రొయ్య, పీత, చేపపిల్ల. ఆ బెరడు కాచిన నీళ్ళలో నానబెడితేనే జాలర్ల వలలు చివికిపోకుండా ఉంటాయి. గాలివానొస్తే కెరటం ముందు ఆ చెట్లని దాటాలి, తర్వాతే మా చేలు. మీరిందాక తాగిన మజ్జిగ కూడా ఆ చెట్లు పెట్టిందే. మావాళ్ళ నోటి దగ్గర కూడు లాగేసే పనికి నేను ఎదురు రాను."

వీధి చివర బస్సు హారన్ మోగింది. శకునం లేకుండా ఆయన వీధిలో అడుగు పెట్టరు. తలపాగా తీసి ఒళ్ళో పెట్టుకుని అరుగు మీద కూలబడ్డారు. బస్సు వెళ్ళిపోయింది. మా ఆయన వారం రోజులు నాతో మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు.

పాట ఇంకెవరో పాడుకున్నారు. మరుసటేడు నాన్న ఉత్తరం రాశాడు, మడ కొట్టేసిన వైపు చేలలోకి ఉప్పునీళ్ళు వచ్చాయని. అది చదివి ఏడ్చాను.

"నువ్వు ఆపి ఏం లాభం?" అన్నాడు మా ఆయన.

"మన బట్టీలో కాలలేదు కదా" అన్నాను.

ఉత్తరం మామగారూ చదివారు. కొన్నాళ్ళకి బయల్దేరుతూ మళ్ళీ ఎదురు రమ్మన్నారు. చెంబు నింపాను గానీ కదల్లేదు.

"ఎక్కడికండీ?" అని అడిగాను.

ఆయన తలపాగా సర్దుకుని, ఎక్కడికో, దేనికో చెప్పారు. అప్పుడు వెళ్ళాను ఎదురు.