బావ వేయని మన్ను

నాకు చదువు అంతంతమాత్రం. నేను చెబుతుంటే మా అమ్మాయి రాస్తోంది. సాయంత్రాలు అన్నం ఉడికేలోపు అదే నాకొక నవల చదివి వినిపించింది. ఎక్కడో చలిదేశంలో ఇద్దరు యూదుల స్నేహం కథ. యూదులంటే మందిరంలో పాస్టరు నోట విన్నవాళ్ళేనని ఇన్నాళ్ళూ అనుకున్నాను.

"వాల్లు ఇంకా ఉండారా మే?" అన్నాను.

"ఉండారు. నీ మాదిరే పప్పు మాడిందని తిట్టుకుంటా ఉండారు" అని నవ్వింది.

కథలో ఒకడు చచ్చిపోతాడు. గోతిలో మన్ను పోసేటప్పుడు రెండోవాడు పారను తిరగేసి, దాని వీపుతో పోస్తాడు. అది వాళ్ళ ఆచారమట. నిన్ను పంపడానికి మాకు తొందర లేదని చెప్పడమట. అక్కడ ఆపేయమన్నాను. మా ఆయన గొయ్యి కళ్ళ ముందుకొచ్చింది.

మా ఆయనా, అతని స్నేహితుడూ ఎమ్మిగనూరులో పక్కపక్క ఇళ్ళలో మగ్గం నేసినవాళ్ళు. వీధిలో పడుగు దారాలు పొడుగ్గా చాచి గంజి పెట్టాలంటే ఒక కొసన ఈయన, ఇంకో కొసన అతను ఉండాల్సిందే. మేము మందిరానికి పోతాం, అతను గుడికి పోతాడు. కులాలూ వేరే. అయినా ఒకరినొకరు "బావా" అనే పిలుచుకునేవాళ్ళు. ఆ వరసన నేను అతనికి చెల్లెల్ని. తర్వాత అతను ఆదోనికి పత్తి మిల్లు పనికి పోయినా, ఆదివారం గుడి వడలు పట్టుకుని బస్సు దిగేవాడు.

"తిను బావా. మీ దేవునికి కోపమొస్తాదా?"

"దేవునికి రాదు, నీ సెల్లెలికొస్తాది. దానికీ రెండియ్యి."

పోయిన ఏడాది మా ఆయన చచ్చిపోయాడు. పాస్టరు ప్రార్థన ముగించి, బంధువుల్ని మన్ను వేయమన్నాడు. అతనూ గుప్పెడు మన్ను తీసుకుని ముందుకొచ్చాడు. మా ఆయన వాళ్ళన్న చెయ్యి అడ్డం పెట్టాడు.

"నువ్వేమైతావప్పా?"

"బావని."

"మా ఇంట్లో ఏ పిల్లని సేసుకున్యావని బావవి? ఆగు, ముందు మావోల్లు ఎయ్యనీ."

ఆగాడు. మావాళ్ళు వేశారు, వెంటనే పారలు పట్టి గొయ్యి పూడ్చేశారు. అతను ఆ మన్ను పిడికిట్లో పట్టుకునే బస్టాండు వైపు పోయాడు. మళ్ళీ మా గడప తొక్కలేదు.

కోపమే అనుకున్నాను. ఆ నవల ఆపేయించిన మర్నాడు అమ్మాయి చేత ఫోను చేయించాను.

"అన్నా, వాల్లన్న మాట మనసులో పెట్టుకోవద్దు. ఒక్కసారి రా. సమాధి కాడికి పోదాం. నువ్వూ మన్నెయ్యి."



"కోపం కాదు సెల్లెమ్మా. మన్నేసినోల్లకు వాడు పోయినాడు. నేనెయ్యలేదు. ఆడ వాడు నేస్తాండాడులే అనుకుంటా ఈడ పని చేసుకుంటాండా. బస్సు దిగితే లేడని తెలిసిపోతాది. నన్ను పిలవొద్దు."

పెట్టేశాడు.

మిగిలిన పుస్తకం చదువుతానంది అమ్మాయి. వద్దన్నాను. అలా అనుకోవడానికి అతనికి ఆదోని ఉంది. నేను ఆయన కాళ్ళు దించి నేసిన మగ్గం గుంత పక్కనే పొయ్యి వెలిగించాలి, పక్కనే పడుకోవాలి. ఆయన లేడని నాకు తెల్లారగానే తెలిసిపోతుంది, రోజూ.